తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేయకండి: వర్చువల్ మెషీన్ల బ్యాకప్ స్థాపనకు ముందు వేసుకోవలసిన ప్రణాళిక

సభకు నమస్కారం.

వర్చువల్ మెషీన్లకు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు ఎటువంటి ప్రణాళిక వేసుకోవాలన్నది ఈనాటి అంశం. వర్చువల్ మెషీన్లు అంటే ఒక భౌతిక యంత్రం మీద సాఫ్ట్‌వేరుతో నడిచే కంప్యూటర్లు, ఆ భౌతిక యంత్రాన్ని హోస్టు అని, వాటిని నడిపించే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అని అంటారు. స్థాపన అనే పని నిజానికి చాలా చిన్నది. ఇన్‌స్టాలర్ తెరిచి, షరతులకు ఒప్పుకొని, ఫోల్డరు చూపించి, 'నెక్స్ట్' అన్న మీటను నాలుగైదు సార్లు నొక్కితే గంటలోపే ముగుస్తుంది. అయితే ఆ గంటలో మనం పెద్దగా ఆలోచించకుండా ఒప్పుకున్న సంగతులు, అంటే దానిని ఏ యంత్రం మీద పెట్టాం, ఏ ఖాతాతో నడిపించాం, ఏ డిస్కు మీద రాయించాం, బ్యాకప్ ఫైళ్లు దాచే రిపాజిటరీని ఏ పేరుతో పిలిచాం అన్నవి, మూడేళ్ల తరువాత ఏదో ఒక రాత్రి మన చేతులు కట్టేస్తాయి. అందువల్ల నేను ఇన్‌స్టాలర్ తెరల జోలికి పోకుండా, ఆ రాత్రి నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తాను.

ప్రణాళిక రాసే కాగితం మీద మొదటి ప్రశ్నగా చాలామంది 'మనకు ఎన్ని వర్చువల్ మెషీన్లు ఉన్నాయి?' అని రాస్తారు. నేను రాసే మొదటి ప్రశ్న వేరు. 'పునరుద్ధరణ అవసరమైన రోజున మన దగ్గర ఏవేవి ఉండవు?' అన్నది ఆ ప్రశ్న. మన మెషీన్లను కలిసి నడిపించే హోస్టుల సమూహం, అంటే క్లస్టరు, మొత్తం పడిపోయిందనుకుందాం. అప్పుడు బ్యాకప్ సర్వరు కూడా అదే క్లస్టరులో ఒక వర్చువల్ మెషీనుగా ఉంటే అదీ ఉండదు. అది బయటే ఉన్నా, లాగిన్ కావడానికి డొమైన్ ఖాతా కావాలంటే, సంస్థ ఖాతాలను ధ్రువీకరించే డొమైన్ కంట్రోలర్ క్లస్టరులో ఉంది. రిపాజిటరీని పేరుతో వెతకాలంటే, పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ సర్వరు క్లస్టరులో ఉంది. బ్యాకప్ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డు ఒక పాస్‌వర్డ్ మేనేజరులో ఉంది, ఆ మేనేజరు కూడా క్లస్టరులోనే ఉంది. లైసెన్సు ఫైలు, ఇన్‌స్టాలర్ ప్రతి ఫైల్ సర్వరులో ఉన్నాయి, ఆ ఫైల్ సర్వరు ఎక్కడుందో వేరే చెప్పనక్కరలేదు. వీటిలో ఏ ఒక్క నిర్ణయమూ విడిగా చూస్తే తప్పుగా కనిపించదు. అన్నీ కలిస్తే మాత్రం తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు అవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. నేను పనిచేసిన ఒక చోట స్టోరేజీ పెట్టె పాడైంది. బ్యాకప్ ఫైళ్లు వేరే పెట్టెలో, వేరే గదిలో, ఒక్క బైటు కూడా చెడకుండా భద్రంగా ఉన్నాయి. అయినా మొదటి ఫైలును చదవగలగడానికి మాకు దాదాపు ఒక పూట పట్టింది, ఎందుకంటే బ్యాకప్ సర్వరులోకి వెళ్లే స్థానిక ఖాతా పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదు. స్థాపించిన రోజున ఆ ఖాతాను వాడవలసిన అవసరమే మాకు రాలేదు. ఆ ప్రణాళిక రాసింది నేనే కాబట్టి ఈ తప్పును ఇంకెవరి మీదా తోయలేను.

కాబట్టి బ్యాకప్ సర్వరు ఉండవలసిన చోటును ముందుగా తేల్చుకోవాలి. అది వర్చువల్ మెషీనుగా ఉండకూడదని నేను అనను. రెండు స్థలాలు ఉన్న సంస్థ అయితే నిర్వహణ సర్వరును రెండో స్థలంలో పెట్టి, డేటాను చదివే ప్రాక్సీలను మాత్రం మొదటి స్థలంలో ఉంచడం మంచి ఏర్పాటు, ఎందుకంటే మొదటి స్థలం పోయిన రోజున పునరుద్ధరించవలసిన చోటనే పునరుద్ధరించే యంత్రం సిద్ధంగా ఉంటుంది. ఒకే స్థలం ఉన్నవారు దానిని విడి భౌతిక యంత్రం మీదో, క్లస్టరుతో సంబంధం లేని సొంత డిస్కులున్న ఒంటరి హోస్టు మీదో పెట్టాలి. డొమైనులో చేర్చకుండా స్థానిక ఖాతాలతో నడపాలి. డీఎన్‌ఎస్ లేకపోయినా దొరికేలా ముఖ్యమైన యంత్రాల ఐపీ చిరునామాలను దాని హోస్ట్స్ ఫైలులో రాసి ఉంచాలి. సాఫ్ట్‌వేరు తన అమరికలను దాచుకునే డేటాబేసుకు కూడా బ్యాకప్ ఉంటుంది, దానిని అదే సర్వరు డిస్కు మీద వదిలేయకూడదు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డు కాగితం మీద, ఇనుప బీరువాలో ఉండాలి. సమాచార భద్రత చూసేవారు ఈ కాగితం మాట వినగానే ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. విద్యుత్తు లేనప్పుడు కూడా చదవగలిగినది కాగితమేనని వారికి నచ్చజెప్పండి.

వీఎంవేర్ వాతావరణంలో ఈ చక్రబంధానికి మరో ముడి ఉంది. అక్కడ ఈఎస్‌ఎక్స్ఐ అన్నది హోస్టుల మీద నడిచే హైపర్‌వైజర్, వీసెంటర్ అన్నది ఆ హోస్టులన్నిటినీ నిర్వహించే సర్వరు. సాధారణంగా బ్యాకప్ సాఫ్ట్‌వేరు 443 పోర్టు ద్వారా వీసెంటర్‌తో మాట్లాడి, ఏ మెషీను ఎక్కడుందో తెలుసుకొని, నెట్‌వర్కు మార్గంలో చదివేటప్పుడు ఈఎస్‌ఎక్స్ఐ హోస్టుల 902 పోర్టు నుంచి డేటాను తీసుకుంటుంది. వీసెంటర్ కూడా ఒక వర్చువల్ మెషీనే కాబట్టి అదే పోయినప్పుడు నేరుగా ఒక హోస్టుకు పునరుద్ధరించవలసి వస్తుంది. అందుకు ఆ హోస్టు సర్వాధికార ఖాతా అయిన రూట్ పాస్‌వర్డు కావాలి, ఫైర్‌వాల్‌లో ఆ దారి ముందే తెరిచి ఉండాలి. అంతా సిద్ధమైనా, నెట్‌వర్కు వీసెంటర్ నిర్వహించే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ మీద ఉండి, మెషీన్లు కలిసే పోర్ట్ గ్రూపు స్టాటిక్ బైండింగ్‌తో, అంటే పోర్టులను వీసెంటరే కేటాయించే పద్ధతితో, ఉంటే, వీసెంటర్ లేకుండా కొత్త మెషీనును ఆ పోర్టుకు కలపడం కుదరదు. వీసెంటర్‌ను బతికించడానికి వీసెంటరే కావలసి వస్తుంది. హోస్టే పోర్టు ఇచ్చే ఎఫెమెరల్ బైండింగ్ ఉన్న ఒక పోర్ట్ గ్రూపునో, హోస్టుకు సొంతమైన ఒక స్టాండర్డ్ స్విచ్‌నో ముందే సిద్ధం చేసి ఉంచితే ఆ ముడి విడిపోతుంది. అది ఐదు నిమిషాల పని. 6.5 వెర్షన్ నుంచి వీసెంటర్ అప్లయన్సుకు తన సొంత ఫైల్ ఆధారిత బ్యాకప్ కూడా ఉంది, దానిని అదనంగా నడుపుకోవడం వివేకం.

ఇప్పుడు మెషీన్ల జాబితాకు వద్దాం. ఎన్ని ఉన్నాయన్న లెక్క కన్నా, వాటిలో ఏవి స్నాప్‌షాట్‌కు లొంగవన్న లెక్క ముఖ్యం. వర్చువల్ మెషీన్ల బ్యాకప్ దాదాపు పూర్తిగా స్నాప్‌షాట్ మీద ఆధారపడి నడుస్తుంది. సాఫ్ట్‌వేరు అడగగానే హైపర్‌వైజర్ అసలు డిస్కును స్తంభింపజేసి, ఆ క్షణం నుంచి వచ్చే రాతలను వేరే డెల్టా ఫైలులోకి మళ్లిస్తుంది. కదలకుండా ఉన్న అసలు డిస్కును సాఫ్ట్‌వేరు నింపాదిగా చదువుకుంటుంది. చదవడం ముగిశాక డెల్టాను మళ్లీ అసలు డిస్కులో కలిపేస్తారు. స్టోరేజీలోని డిస్కును నేరుగా మెషీనుకు ఇచ్చే ఫిజికల్ మోడ్ ఆర్‌డీఎం డిస్కులు, స్నాప్‌షాట్ నుంచి మినహాయిస్తూ ఇండిపెండెంట్‌గా గుర్తించిన డిస్కులు, రెండు మెషీన్లు బస్ షేరింగ్‌తో పంచుకునే క్లస్టర్ డిస్కులు, పాస్‌త్రూ పద్ధతిలో భౌతిక పరికరాన్ని నేరుగా వాడుకునే మెషీన్లు ఈ దారిలోకి రావు. మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ అయిన హైపర్-వీలో పాస్‌త్రూ డిస్కులదీ అదే కథ. వీటికి మెషీను లోపల నుంచే బ్యాకప్ తీసే ఏజెంటు సాఫ్ట్‌వేరు పెట్టుకోవాలి. ఈ సంగతి స్థాపన తరువాత తెలిస్తే లైసెన్సుల లెక్క మారుతుంది, ఫైర్‌వాల్ నియమాలు మారుతాయి, పని గడువు మారుతుంది.

డెల్టాను కలిపే ఘట్టాన్ని తేలికగా తీసుకోకండి. రాతలు ఎక్కువగా ఉండే డేటాబేసు మెషీనులో బ్యాకప్ నడిచినంతసేపూ డెల్టా పెరుగుతూనే ఉంటుంది, డిస్కు ఫైళ్లు ఉండే డేటాస్టోరులో ఖాళీ లేకపోతే మెషీను ఆగిపోతుంది. కలిపే చివరి అడుగులో మెషీను కొద్ది క్షణాలు స్తబ్ధమవుతుంది, క్షణక్షణం ఒకదాని హృదయస్పందనను మరొకటి చూసుకునే క్లస్టరు అప్లికేషన్లు ఆ కాస్త మౌనాన్నే మరణంగా భావించి మరో నోడుకు, అంటే తోటి మెషీనుకు, మారిపోవచ్చు. నెట్‌వర్కు ద్వారా ఫైళ్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ 3 డేటాస్టోరు మీద ఉన్న మెషీనును, డిస్కును తనకే తగిలించుకొని చదివే హాట్‌యాడ్ ప్రాక్సీ వేరే హోస్టులో ఉండగా దానితో చదివితే ఈ స్తబ్ధత 30 సెకన్ల వరకు పోవడం తెలిసిన సమస్య. అటువంటి చోట ప్రతి హోస్టుకు ఒక ప్రాక్సీ పెట్టుకోవడమో, నెట్‌వర్కు మార్గంలో చదవడమో మేలు. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ సూచన. బ్యాకప్ మధ్యలో తెగిపోయి, ఎవరూ చూడక వారాల తరబడి మిగిలిపోయిన స్నాప్‌షాట్లే నేను చూసిన నిలుపుదలల్లో ఎక్కువ భాగానికి కారణం. కాబట్టి వాటిని వెతికి చెప్పే పర్యవేక్షణ కూడా ప్రణాళికలో ఉండాలి.

రోజూ మొత్తం డిస్కును చదవనక్కరలేకుండా, మారిన బ్లాకులను మాత్రమే చదివే వసతి వీఎంవేర్ వీస్ఫియర్ 4తో 2009లో వచ్చింది. దానిని ఛేంజ్డ్ బ్లాక్ ట్రాకింగ్ అంటారు. హైపర్-వీలో ఇటువంటి ఏర్పాటు విండోస్ సర్వర్ 2016తో హైపర్‌వైజర్‌లోనే భాగమైంది. లినక్స్ హోస్టుల మీద వాడే క్యూఈఎంయూలో డర్టీ బిట్‌మ్యాప్‌లు ఇదే పని చేస్తాయి. ఈ వసతి లేకపోతే నేటి బ్యాకప్ వేగాలు సాధ్యం కావు. కానీ ఏ బ్లాకు మారిందో చెప్పే జాబితాయే తప్పయితే ఏమవుతుంది? 2014లో సరిగ్గా అదే బయటపడింది. డిస్కు పరిమాణాన్ని 128 జీబీ హద్దు దాటేలా పెంచినప్పుడు అప్పటి ఈఎస్‌ఎక్స్ఐ వెర్షన్లలో ఆ జాబితా తప్పుగా వచ్చేది. బ్యాకప్ పని ఆకుపచ్చ గుర్తుతోనే ముగిసేది, ఫైలు పరిమాణం నమ్మదగినట్టే ఉండేది, లోపలి డేటా మాత్రం పనికిరాదు. పునరుద్ధరించి చూసినవారికే ఆ దోషం కనిపించింది. అందుకే అప్పుడప్పుడు ట్రాకింగ్‌ను పక్కనపెట్టి మొత్తం చదివే పూర్తి బ్యాకప్‌కు కూడా సమయం కేటాయించండి.

చదివిన డేటా పొందికగా ఉందా అన్నది మరో సంగతి. మెషీను నడుస్తుండగా ఉన్నపళంగా డిస్కును నకలు తీస్తే, అది కరెంటు తీగ పీకేసినప్పటి స్థితిలో ఉంటుంది. చాలా ఫైల్‌సిస్టములు, చాలా డేటాబేసులు ఆ స్థితి నుంచి కోలుకుంటాయి, కానీ 'చాలా' అన్న మాటను ప్రణాళికలో రాయలేం. విండోస్‌లో వీఎస్‌ఎస్ అనే ఏర్పాటు ద్వారా అప్లికేషనుకు ముందే కబురు పెట్టి, మెమరీలో ఉన్నదాన్ని డిస్కుకు దింపించి, ఆపై స్నాప్‌షాట్ తీస్తారు. లినక్స్‌లో ఆ పనిని, రాతలను ఆపే ఫ్రీజ్‌కు ముందు ఒకటి, తరువాత ఒకటి నడిచే స్క్రిప్టులతో మనమే చేయించుకోవాలి. ఇక్కడ డేటాబేసు నిర్వాహకుడితో మాట్లాడకుండా ముందుకు పోవద్దు. ఆయన ఇప్పటికే, ప్రతి మార్పునూ నమోదు చేసే ట్రాన్సాక్షన్ లాగులను తన పద్ధతిలో బ్యాకప్ తీస్తూ ఉంటాడు. మన సాఫ్ట్‌వేరులో కూడా అదే అమరికను టిక్ చేస్తే లాగుల గొలుసు రెండుగా చీలి, సగం ఆయన దగ్గర, సగం మన దగ్గర మిగులుతుంది. రెండూ విజయవంతమైన బ్యాకప్‌లే, ఏ ఒక్కదానితోనూ కోరిన నిమిషానికి వెళ్లలేం. డొమైన్ కంట్రోలరును పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పితే వచ్చే, మార్పుల వరుస సంఖ్యలు తోటి కంట్రోలర్లతో పొసగని యూఎస్‌ఎన్ రోల్‌బ్యాక్ చిక్కును తప్పించడానికి విండోస్ సర్వర్ 2012 నుంచి వీఎం జనరేషన్ ఐడీ అన్న రక్షణ ఉంది, అంతకన్నా పాత కంట్రోలరు ఎక్కడైనా మిగిలి ఉంటే జాబితాలో దాని పక్కన ఎర్ర గుర్తు పెట్టుకోండి.

ఇక లెక్కలు. వీటిని ఒకసారి చేత్తో వేసి చూడటం అవసరం. వాడకంలో ఉన్న డేటా 10 టీబీ అనుకుందాం, రోజుకు 5 శాతం మారుతుందనుకుందాం. ఒక గిగాబిట్ లింకు నుంచి ఆచరణలో సెకనుకు సుమారు 110 మెగాబైట్లు వస్తాయి. రోజువారీ మార్పు 500 జీబీ కాబట్టి గంటా పదిహేను నిమిషాల్లో దాటిపోతుంది. రాత్రి ఎనిమిది గంటల వ్యవధి ఉన్నవారికి ఇది చూసి నిశ్చింత కలుగుతుంది. అదే 10 టీబీని తిరిగి తేవాలంటే ఆ లింకు మీద 25 గంటలకు పైగా పడుతుంది. చాలా ప్రణాళికలలో బ్యాకప్ వ్యవధి లెక్క ఉంటుంది, పునరుద్ధరణ వ్యవధి లెక్క ఉండదు. ఎంత డేటా పోతే భరించగలం, ఎంతసేపు ఆగగలం అన్న రెండు అంకెలను వ్యాపార విభాగం సంతకంతో తీసుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే. 'నాలుగు గంటల్లో రావాలి' అని సంతకం చేసినవారి ముందు ఈ 25 గంటల అంకె పెడితే, పది గిగాబిట్ స్విచ్‌కు డబ్బు అడగడం తేలికవుతుంది.

నిల్వ స్థలం లెక్కలో కూడా ఇటువంటి మడత ఉంది. కుదింపుతో డేటా సగమవుతుందనుకుంటే పూర్తి బ్యాకప్ 5 టీబీ, రోజువారీ ముక్క 250 జీబీ. 14 రోజులు దాచాలంటే ఒక పూర్తి ప్రతి, 13 ముక్కలు కలిపి 8 టీబీ పైచిలుకు చాలని తోస్తుంది. కానీ వారానికొకసారి కొత్త పూర్తి బ్యాకప్ తీసే పద్ధతిలో, పాత పూర్తి ప్రతి, దాని మీద ఆధారపడిన ముక్కలు కలిసిన గొలుసులోని చివరి ముక్కకు కాలం చెల్లేదాకా ఆ గొలుసు మొత్తాన్ని తొలగించలేం. అందువల్ల ఒక దశలో మూడు పూర్తి ప్రతులు, పద్దెనిమిది ముక్కలు ఒకేసారి డిస్కు మీద ఉంటాయి. అది 19.5 టీబీ. లినక్స్ ఫైల్‌సిస్టము ఎక్స్ఎఫ్ఎస్‌లోని రీఫ్లింక్, విండోస్ ఫైల్‌సిస్టము ఆర్ఈఎఫ్ఎస్‌లోని బ్లాక్ క్లోనింగ్ వంటి, ఒకే బ్లాకును పలు ఫైళ్లు పంచుకునే వసతి ఉంటే, పాత ముక్కల నుంచి కూర్చే పూర్తి ప్రతులు పెద్దగా స్థలం తినవు. వీడియోలు, ముందే కుదించిన డేటాబేసులు, ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కులు మాత్రం సగం కావు, కాబట్టి ఆ 'సగం' అన్న ఊహను మీ డేటా మీద కొలిచి చూసుకోండి. ఒకేలా ఉన్న బ్లాకులను ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ పెట్టెలు స్థలాన్ని బాగా ఆదా చేస్తాయి కానీ, చెల్లాచెదురైన బ్లాకులను ఏరి కూర్చవలసి రావడం వల్ల చదివేటప్పుడు నెమ్మదిస్తాయి. మెషీనును బ్యాకప్ నిల్వ మీద నుంచే నేరుగా నడిపించే సదుపాయాన్ని నమ్ముకునేవారు ఇటీవలి వారం ప్రతులను మామూలు వేగవంతమైన డిస్కు మీదే ఉంచుకోవాలి.

స్టోరేజీ కోసమే వేసే నెట్‌వర్కు అయిన ఫైబర్ ఛానల్ ఉన్నచోట ప్రాక్సీ స్టోరేజీ నుంచి నేరుగా చదవగలదు, వేగంలో దానికి సాటి లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. విండోస్ ప్రాక్సీకి వాడకంలో ఉన్న ఎల్‌యూఎన్‌లు, అంటే స్టోరేజీ పెట్టె ఇచ్చే డిస్కులు, కనిపించగానే డిస్క్ మేనేజ్‌మెంట్ వాటిని తెలియని డిస్కులుగా చూపి, 'ఇనిషియలైజ్ చేయమంటారా?' అని ఎంతో వినయంగా అడుగుతుంది. అవును అని నొక్కినవారు ఒక డేటాస్టోరును పోగొట్టుకుంటారు. ఎల్‌యూఎన్‌లను చదవడానికి మాత్రమే ఇవ్వగలిగితే అలాగే ఇవ్వండి, కనీసం ఆ స్టోరేజీ నెట్‌వర్కు (శాన్) డిస్కులు ఆఫ్‌లైన్‌లోనే ఉండేలా అమర్చండి.

లైసెన్సుల విషయం క్లుప్తంగా. ప్రాసెసర్ సాకెట్ల లెక్కన, మెషీన్ల లెక్కన, టెరాబైట్ల లెక్కన అమ్మేవారు ఉన్నారు, వచ్చే రెండేళ్లలో మీకు ఏది పెరుగుతుందో చూసుకొని ఎంచుకోండి. హైపర్‌వైజర్ వెర్షన్ పెంచే ముందు బ్యాకప్ సాఫ్ట్‌వేరు దానిని సమర్థిస్తోందో లేదో చూడటం, ముందు బ్యాకప్‌ను నవీకరించి తరువాతే హైపర్‌వైజర్‌ను ముట్టుకోవడం నియమంగా రాసుకోండి.

భద్రత దగ్గర మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తాను. రాన్సమ్‌వేర్ దాడి చేసేవారు డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ముందు బ్యాకప్‌లను వెతికి చెరిపేస్తారు. వారి చేతిలో అప్పటికే డొమైన్ నిర్వాహకుడి ఖాతా ఉందనుకొని ప్రణాళిక వేయాలి. హైపర్‌వైజర్‌తో మాట్లాడే సేవా ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ పాత్ర ఇవ్వకుండా, స్నాప్‌షాట్ తీయడానికి, డిస్కు చదవడానికి, పునరుద్ధరించడానికి కావలసిన హక్కులతో విడి పాత్రను తయారుచేయండి. కనీసం ఒక ప్రతిని గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని నిల్వలో ఉంచండి. అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎస్3లో ఈ సౌకర్యం ఆబ్జెక్ట్ లాక్ పేరుతో 2018లో వచ్చింది, లినక్స్ రిపాజిటరీలలోనూ ఆ సౌకర్యం ఇప్పుడు అందుబాటులో ఉంది. ఇక్కడ చాలామంది మరచిపోయేది గడియారం. గడువు తీరిందో లేదో రిపాజిటరీ తన గడియారం చూసి నిర్ణయిస్తుంది, ఆ గడియారాన్ని ముందుకు తిప్పగలిగినవాడు గడువును కూడా తీర్చేయగలడు. కాబట్టి దానికి సమయం ఇచ్చే సర్వరు, దానిని దూరం నుంచి నిర్వహించనిచ్చే రిమోట్ కంట్రోల్ కార్డు పాస్‌వర్డు, రెండూ దాడి చేసేవారికి అందే వలయం బయట ఉండాలి. మరో ప్రతి వేరే స్థలంలో ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లౌడ్ సంస్థ ఓవీహెచ్‌క్లౌడ్ డేటా సెంటర్ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్‌లు కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్న కొందరు వినియోగదారులకు రెండూ ఒకేసారి పోయాయి.

హెచ్చరికలు ఎలా చేరతాయన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేరు కోడును దాచే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో డేటాబేసు పొరపాటున చెరిగిపోయినప్పుడు, రోజువారీ డేటాబేసు బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల కొంతకాలంగా విఫలమవుతూనే ఉందని అప్పుడే తెలిసింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్లాయి కానీ, వాటిని అందుకోవలసిన సర్వరు ధ్రువీకరణ లేదని తిరస్కరించింది. చివరకు సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది. ఆ సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రకటించడం వల్లనే మనం ఇలా నేర్చుకోగలుగుతున్నాం. మీ మెయిల్ సర్వరు కూడా క్లస్టరులోనే ఉంటుందని గుర్తుంచుకొని, విఫలమైతే కబురు పంపే పద్ధతితో సరిపెట్టకుండా, ఉదయం 'అయింది' అన్న కబురు రాకపోతే మోగే గంటను క్లస్టరు బయట పెట్టుకోండి.

ఇక స్థాపన ముగిసిందని సంతకం ఎప్పుడు చేయాలి? మొదటి బ్యాకప్ ఆకుపచ్చగా ముగిసినప్పుడు అని ఒప్పంద పత్రాల్లో రాసి ఉంటుంది. నేను అక్కడ వేరే పరీక్ష రాయిస్తాను. స్థాపనలో పాల్గొనని ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి, వీసెంటర్, డీఎన్‌ఎస్, డొమైన్ అందకుండా బ్యాకప్ సర్వరును నెట్‌వర్కులో వేరుచేసి, బీరువాలోని కాగితం మాత్రం చేతికిస్తాం. ఆయన విడిగా ఉన్న ఒక హోస్టు మీద ముందు డొమైన్ కంట్రోలరును, తరువాత డేటాబేసును, ఆ తరువాత దాని మీద ఆధారపడిన అప్లికేషనును బయటి ప్రపంచానికి కనిపించని నెట్‌వర్కులో లేపాలి. మేము పక్కనే ఉంటాం కానీ మాట్లాడం, ఎక్కడ ఆగిపోయాడో రాసుకుంటాం. మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు మా మనిషి సర్వరులోకి సులువుగానే వెళ్లాడు, రిపాజిటరీ కూడా కనిపించింది. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డు దగ్గర ఆగిపోయాడు. కాగితం మీద నేను చేత్తో రాసిన గుండ్రటి గుర్తు సున్నాయో, ఇంగ్లీషు అక్షరం 'ఓ'యో ఆయనకు తెలియలేదు. నన్ను అడిగితే నాకూ తెలియలేదు. ఆ సాయంత్రమే ఆ కాగితాన్ని, ప్రతి గుర్తు కింద దాని పేరు ఉండేలా మళ్లీ రాసి బీరువాలో పెట్టాం.